చంద్రిక పేరు పక్కన

“ఒకటి తీస్తే ఇంకోటి ఊడొస్తుందేమోరా, కాస్త చూసి నొక్కు,” అంది ఛాయాదేవి. భీమశంకర్ ఇంకా లాప్‌టాప్ మూత కూడా తెరవలేదు.

“నీ కోసమేనమ్మా. ఇంత పాతదానికి తేలిగ్గా నడిచే లినక్స్ వేసినంత మాత్రాన సరిపోదు, దాంతోపాటు వచ్చిన చెత్తంతా తీసెయ్యాలి. ప్రింటరే లేని ఇంట్లో ప్రింటర్ ప్రోగ్రామ్ ఎందుకు చెప్పు?”

ఆమెకు అందులో కావలసింది ఒక్కటే. చాటింగ్ ప్రోగ్రామ్‌లో చంద్రిక పేరు, దాని పక్కన ఆ పిల్ల కంప్యూటర్ ముందుంటే వెలిగే ఆకుపచ్చ చుక్క.

జెర్సీ సిటీలో ఉంటున్న కూతురు కిందటి చలికాలంలో ఒక పూట ఫోన్ ఎత్తకపోతే, ఎక్కడో దూరాన నోవైలో కొడుకింట్లో ఉన్న ఈవిడ హడలిపోయి, కోడలి చేత ఫోన్ చేయించి పోలీసులను పంపించింది. చంద్రిక ఇంట్లో స్నేహితులు భోజనానికి కూర్చున్న వేళకు పోలీసులు వెళ్లి తలుపు కొట్టారు. “ఇక నేను చేసేదాకా నాకు ఫోన్ చెయ్యకమ్మా” అంది చంద్రిక. ఆ తర్వాత తనూ చెయ్యలేదు. అప్పటినుంచి తల్లికి ఆ చుక్కే పిల్ల క్షేమం. వెలిగితే రైలు దిగి ఇల్లు చేరినట్టు, ఆరితే పడుకున్నట్టు. పడుకుందని నమ్మలేని రోజున అలాగే కూర్చునేది. పిల్ల గొంతు ఎలా ఉందో మాత్రం చుక్క చెప్పదు.

భీమశంకర్ ఆటలు తీసేశాడు, ప్రింటర్‌వి తీసేశాడు. మరేదో తీయబోతే, దాంతోపాటు పోయేవాటి పేర్లు తెర మీద బారుగా వచ్చాయి. చదవకుండానే సరేనని నొక్కాడు.

“చంద్రికేదిరా?”

“అదీ పోయిందా? మళ్లీ ఎక్కిస్తాలే.”

“నేనే దాన్ని వద్దనుకుని తీసేశాననుకుంటే?”

“అలా ఏం తెలీదు. దానికి నీ చుక్క ఆరిపోయినట్టు కనిపిస్తుంది, అంతే.”

పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైనా ప్రోగ్రామ్ నత్తనడకన దిగుతోంది. వంటింట్లో పప్పు మాడుతున్నా ఛాయాదేవి కదల్లేదు. భీమశంకర్ ఫోన్ మోగింది. విని, తల్లికి అందించాడు.

“నీకే. చెల్లి.”

“అమ్మా, పొద్దుట్నుంచీ కనపడట్లేదేం? రోజూ ఉంటావుగా. ఒంట్లో బాలేదా?”

ఆ గొంతు వినాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మనిషి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. ఏం మాట్లాడితే ఫోన్ పెట్టేస్తుందోనని భయం. కిటికీ అవతల మంచు తోసే బండి వీధి చివరిదాకా వెళ్లింది, తిరిగి వచ్చింది. చంద్రిక ఫోన్ పెట్టెయ్యలేదు.

“ఉన్నానే,” అంది చివరికి. “మీ అన్నయ్య కంప్యూటర్ శుభ్రం చేస్తున్నాడు.”