పన్నెండు కుడికాళ్లు

పవిత్ర గురువారం వస్తోందంటే మా విచారణలో, అంటే మా ఫాదర్ గారి గుడి పరిధిలో, కాళ్లకు గిరాకీ పెరుగుతుంది.

ఈస్టరుకు ముందు వచ్చే గురువారం అది. ఆ సాయంత్రం పూజలో ఫాదర్ గారు పన్నెండు మంది మగవాళ్లను వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి వాళ్ల కాళ్లు కడుగుతారు. క్రీస్తు తన శిష్యుల కాళ్లు కడిగాడు కాబట్టి. పెద్దవాడు చిన్నవాడి ముందు వంగాలని చెప్పడానికి పెట్టిన ఆచారం అది. మా ఊళ్లో అది ఎవడు పెద్దవాడో తేల్చే ఆచారమైంది. ఎవడి కాలు ఫాదర్ గారు పట్టుకుంటే వాడికి ఆ ఏడాదంతా మర్యాద.

కడిగేది కుడికాలు ఒక్కటే. ఆ సంగతి తెలిసినవాళ్లు కుడికాలు ఒక్కటే ఇంటి దగ్గర తోముకుని వచ్చేవారు. చిట్టెంరాయి పెట్టి రుద్ది, వాసన సబ్బు పెట్టి, గోళ్లు తీయించుకుని. స్కూలు క్లర్కు సత్తిరాజు ఒక ఏడు పౌడరు కూడా రాసుకొచ్చాడు. ఎడమకాలి మడమకు మాత్రం చేలో బురద అలాగే ఉంది. పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడేది నేను. రెండు కాళ్లూ చూశాను.

నేను ఆ విచారణలో ఉపదేశిని. పిల్లలకు జపాలు నేర్పడం, ఫాదర్ గారు ఊళ్లో లేని ఆదివారం ప్రార్థన నడపడం, ఫాదర్ గారి స్కూల్లో రెండో తరగతి చెప్పడం నా పని. ఆ పన్నెండు పేర్లు రాసేది కూడా నేనే. ఇరవై ఏళ్లు అవే పేర్లు రాశాను. మధ్యలో ఒకడు పోతే వాడి కొడుకు పేరు రాశాను.

మా వాళ్లలో రెండు పేటలు, ఎగువపేట, దిగువపేట. తాతలనాడు తెల్ల ఫాదర్ గారు ఒకే రోజు, ఒకే కాలవ నీళ్లతో అందరికీ జ్ఞానస్నానం ఇచ్చారు. ఎగువపేట వాళ్లం చదువుకున్నాం, మాస్టర్లమయ్యాం. దిగువపేట వాళ్లు తోలు దగ్గరా డప్పు దగ్గరా ఉండిపోయారు. వాళ్లకు పిల్లనివ్వం, వాళ్ల పిల్లను చేసుకోం. ఊళ్లో పెద్ద కులాలవాళ్లు మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వలేదని కన్నీళ్లు పెట్టుకుని ఉపన్యాసాలు చెబుతాం. ఉపన్యాసం అయ్యాక దిగువపేటవాడు మా అరుగెక్కితే దిగమంటాం.

స్కూలు బోర్డింగులో నూట ఇరవై మంది పిల్లలు ఉండేవారు. వాళ్ల మరుగుదొడ్లు కడిగేవాడు గంగయ్య. దిగువపేట మనిషి. పాతికేళ్లుగా కడుగుతున్నాడు. సున్నానికీ ఫినాయిలుకీ అతని పాదాలు ఎండిన చెరువులా పగిలిపోయాయి. ఆదివారం పూజ తప్పేవాడు కాదు. గుడిలో వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడు. నా భార్య పోయినప్పుడు ఎగువపేట అంతా వచ్చి, నా ఇంట్లో కాఫీ తాగి, ఓదార్చి వెళ్లింది. గొయ్యి తవ్వింది గంగయ్య.

డెబ్బై తొమ్మిదిలో ఫాదర్ బాలశౌరి గారు వచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి. గుంటూరు వైపు మనిషి. వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం పేదవాడి గురించే ప్రసంగం. ఎగువపేట వాళ్లు తలలూపుతూ వినేవారు. పేదవాడంటే తామేనని వాళ్ల నమ్మకం.

ఆ ఏడు పన్నెండు మందిలో ఒకరు పోయారు. ఆయనకు కొడుకుల్లేరు. ఆ ఖాళీ తన బావమరిది త్రిమూర్తులుకు ఇప్పిస్తానని సత్తిరాజు మాటిచ్చాడు. నేను పదకొండు పేర్లు రాసి ఫాదర్ గారికి ఇచ్చాను. ఆయన చదివారు.

“వీళ్లలో పేదవాడు ఎవరు, ఉపదేశి గారూ?”

“ఎవరూ లేరండి.”

“గంగయ్య పేరు రాయండి.”

“రాస్తానండి. తర్వాత కొట్టెయ్యమంటే మాత్రం కొట్టెయ్యను.”

“నేనెందుకు కొట్టెయ్యమంటాను?” అని నవ్వారు. మంచి నవ్వే. వయసు అలాంటిది.

ఆ గురువారానికి ముందు వచ్చే మట్టల ఆదివారం పూజ అయ్యాక గంగయ్యకు చెప్పాను. బోర్డింగు వెనక ఈనెల చీపురు కడుక్కుంటున్నాడు. భార్య చిట్టెమ్మ కూడా ఉంది.

“నాకెందుకండి బాబూ,” అన్నాడు. “నవ్వుతారండి.”

“నవ్వితే నీ పళ్లేమన్నా ఊడతాయా?” అంది చిట్టెమ్మ. “పాతికేళ్లు ఊరందరి పిల్లలదీ కడిగేవు. ఒక్కరోజు నీ కాలు ఒకళ్లు కడిగితే ఏం పోయింది? వెళ్లి కూచో.”

అతను చాలాసేపు తన పాదాలు చూసుకున్నాడు.

“ముందుగా కడుక్కుని రావాలాండి, ఊరికే రావాలాండి?”

“కడుక్కోకు. కడగడానికేగా పిలిచింది.”

“బావుంటాదాండి? ఫాదర్ గారి చేతులు కదండీ... పొద్దున్నే సత్ప్రసాదం పట్టుకునే చేతులు.”

“ఆయనే పిలిచారు. రా.”

“ఆయ్,” అన్నాడు. మొహం మారింది. పాతికేళ్లలో ఆ మొహం నేను చూడలేదు. మర్నాటికి నగరం అనే ఊళ్లో ఉన్న చిట్టెమ్మ పుట్టింటివాళ్లకు కబురు వెళ్లింది, గురువారం వచ్చి చూడమని.

మంగళవారం సెలవు చీటీలు మొదలయ్యాయి.

మొదటిది హెడ్మాస్టరు ప్రభాకరరావుది. స్కూలు కరెస్పాండెంటు కూడా ఫాదర్ గారే. “గౌరవనీయులైన కరెస్పాండెంటు గారికి. నాకు మోకాలు నొప్పిగా ఉన్నందువల్ల గురువారం సాయంత్రం శిష్యుడిగా హాజరు కాలేను. దయచేసి సెలవు మంజూరు చేయ ప్రార్థన.” కింద సంతకం, తేదీ, హోదా. ఒకడు రాసిన తీరు చూసి మిగతావాళ్లు రాశారు. సాయంత్రానికి పదకొండు చీటీలు వచ్చాయి. ఇద్దరికి జ్వరం. ఒకరికి ఉపవాసం వల్ల కళ్లు తిరగడం. ఒకరికి అమలాపురంలో శుభకార్యం. క్రీస్తు శ్రమలు తలచుకునే వారంలో శుభకార్యమేమిటో ఆయనే చెప్పాలి. సత్తిరాజు కారణం రాయలేదు. “సొంత పని” అన్నాడు. క్రీస్తును పట్టుకున్న రాత్రి ఆయన శిష్యులు తోటలో నిద్రపోయారు, పారిపోయారు. సెలవు పెట్టినవాళ్లు మాత్రం లేరు.

మా స్కూల్లో తెలుగు పండితుడు గౌరీశంకరం గారు బ్రాహ్మలు. ఆయన స్టాఫ్ రూములో ఈ సంగతి విని పొడుం పీల్చి అన్నారు.

“ఈ జబ్బు మా వాళ్లకే అనుకున్నానండీ ఉపదేశి గారూ. మీరు మందు తీసుకున్నారు కదా అనుకున్నాను.”

నేను రెండో తరగతి హాజరు పట్టీ తీసుకుని బయటికి వచ్చాను.

బుధవారం పొద్దున్న హెడ్మాస్టరు, సత్తిరాజు ఫాదర్ గారి బంగళాకు వచ్చారు. మోకాలు నొప్పి మనిషి మెట్లన్నీ చకచకా ఎక్కాడు.

“మాకు గంగయ్య మీద కోపం ఏం లేదండీ ఫాదర్ గారూ,” అన్నాడు హెడ్మాస్టరు. “వాడు మంచివాడేనండి. కానీ మనిషిని ఎక్కడుంచాలో అక్కడుంచితేనే వాడికీ గౌరవం.”

“కొత్తగా వచ్చేరు, మీకు తెలవదండి,” అన్నాడు సత్తిరాజు. “ఇవాళ కుర్చీ అంటాడు. రేపు సంబంధం అంటాడు.”

“క్రీస్తు ముందు అందరూ ఒకటే కదా మాస్టారూ,” అన్నారు ఫాదర్ గారు.

“ఆయ్, ఒకటేనండి. క్రీస్తు ముందు ఒకటేనండి. మేం ఊరి ముందు సంగతి మాట్లాడుతున్నామండి,” అన్నాడు సత్తిరాజు.

ఇంక అసలు మాట హెడ్మాస్టరు చెప్పాడు. పాస్క, అంటే ఈస్టరు పండగ మర్నాడు సోమవారం బిషప్ గారు స్కూలు కొత్త భవనానికి శంకుస్థాపన చెయ్యడానికి వస్తున్నారు. పందిరి, భోజనాలు, స్వాగతం అన్నీ ఈ పదకొండు మంది చేతుల్లోనే ఉన్నాయి. వీళ్లు ఇంట్లో కూర్చుంటే బిషప్ గారికి దండ వేసేవాడు ఉండడు. అంతే మాట. బెదిరింపు కూడా కాదు, ‘అండీ’ తగిలించి చెప్పాడు.

వాళ్లు వెళ్లాక ఫాదర్ గారు నన్ను పిలిచారు. బల్ల మీద పదకొండు చీటీలూ ఉన్నాయి. వాటిని దొంతర పెడుతున్నారు, విప్పుతున్నారు.

“ఉపదేశి గారూ, గంగయ్యకు నచ్చజెప్పండి. వచ్చే ఏడు తప్పకుండా పెడదాం. విచారణ రెండుగా చీలిపోకూడదు గదా.”

“అది ఎప్పుడో చీలిందండి. మీరు పిలిచారు. మీరే చెప్పండి.”

“సరే. పూజ ముందు నేనే చెబుతాను.”

చెప్పలేదు. బుధవారం చెప్పలేదు, గురువారం పొద్దున్న చెప్పలేదు.

నేను చెప్పొచ్చు. దిగువపేట పది నిమిషాల నడక. వెళ్లలేదు. ఆ మాట ఫాదర్ గారి నోటితోనే, అందరి ముందూ రావాలని నాకు కోరిక. అంత చదివి, అంత ప్రసంగం చెప్పిన నోరు ఆ మాట ఎలా అంటుందో చూడాలనుకున్నాను. దానికి గంగయ్య పరువు ఖర్చుపెట్టాను. హెడ్మాస్టరు చేసినదానికన్నా ఇది తక్కువ తప్పని నేను ఎవరితోనూ అనలేదు.

గురువారం గంగయ్య గంట ముందే వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, తెల్లపంచె. పంచె కింద సున్నం పట్టిన పాదాలు. నేను చెప్పినట్టే కడుక్కోకుండా వచ్చాడు. ఒక పాదం మీద ఇంకో పాదం వేసి దాచుకుంటున్నాడు. వెనక దిగువపేట ఆడవాళ్లు, వాళ్ల మధ్యలో నగరం చుట్టాలు, మెడలు చాపి చూస్తున్నారు.

పూజ మొదలైంది. ఫాదర్ గారు వినయం గురించి ప్రసంగం చెప్పారు. కళ్లు పైకప్పు వైపే ఉన్నాయి. ప్రసంగం అయ్యాక పైవస్త్రం తీసి నడుముకు తువ్వాలు కట్టుకున్నారు. అప్పుడు పదకొండు మంది లేచి ముందుకు వచ్చారు. జ్వరాలు తగ్గాయి, శుభకార్యం అయిపోయింది. వాళ్లతో త్రిమూర్తులు కూడా వచ్చాడు. ఎవరూ కూర్చోలేదు.

“కుర్చీ ఖాళీ చెయ్యవోయ్ గంగయ్యా,” అన్నాడు సత్తిరాజు. “పెద్దలు నిలబడ్డారు, కనపడ్డంలేదా?”

“నన్ను రమ్మన్నారండి.”

“ఎవరూ?”

“ఫాదర్ గారండి.”

గుడి మొత్తం ఫాదర్ గారి వైపు తిరిగింది. ఆయన చేతిలో ఇత్తడి చెంబు ఉంది.

“గంగయ్యా,” అన్నారు. “వచ్చే ఏడు చూద్దాం.”

ప్రేమగానే అన్నారు. ఆ ప్రేమ చూస్తే నాకు ఒళ్లు మండింది. కసురుకున్నా బాగుండేది.

గంగయ్య లేచాడు. “ఆయ్. అలాగేనండి ఫాదర్ గారూ.” రెండడుగులు వేసి ఆగాడు. గొంతు పెంచలేదు. “మరి రేపు పొద్దున్న బోర్డింగు దొడ్లు కూడా వచ్చే ఏడే చూద్దామండి.”

అతను బయటికి నడిచాడు. వెనక చిట్టెమ్మ లేచింది. నగరం చుట్టాలు లేచారు. దిగువపేట వాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. తరతరాలు ఊరికి చెప్పులు కుట్టినవాళ్లు. వాళ్ల కాళ్లకు చెప్పులు లేవు కాబట్టి వెళ్తుంటే చప్పుడు కూడా లేదు.

తర్వాత ఫాదర్ గారు పన్నెండు కుడికాళ్లు కడిగారు. నేను తువ్వాలు అందించాను.

శుక్రవారం దొడ్లు కడగలేదు. సిలువ మార్గం ప్రార్థన చేస్తూ జనం ముక్కులు మూసుకున్నారు. ఎండాకాలం. శుక్రవారం మధ్యాహ్నానికే పిల్లలు కాలవ దాటి కొబ్బరితోటల్లోకి పోవడం మొదలుపెట్టారు. తోట ఆసామీ అప్పారావు గారు బంగళాకు వచ్చారు.

“ఫాదర్ గారూ, మీ పిల్లలు మా తోటలో ఎరువేస్తున్నారండి. ఎరువు మాకు కావల్సిందేననుకోండి. కానీ కొబ్బరికాయల దింపులవాళ్లు చెట్టు దగ్గరికి రామంటున్నారండి.”

సత్తిరాజు రాజోలు వెళ్లాడు, మనిషిని తెస్తానని. ఒక్కడే తిరిగొచ్చాడు. “అక్కడా వాళ్ల చుట్టాలేనండి,” అన్నాడు. హెడ్మాస్టరు ఎగువపేటలో నలుగురు కుర్రాళ్లను పిలిచి సేవ గురించి చెప్పాడు. వాళ్లు నమస్కారం పెట్టి వెళ్లారు. మళ్లీ కనపడలేదు.

శనివారం తెల్లవారి నేను గుడి తలుపు తీయడానికి వెళ్తూ చూశాను. ఫాదర్ గారు తెల్ల అంగీ నడుముకు దోపుకుని, మూతికి తువ్వాలు కట్టుకుని, గంగయ్య చీపురుతో బోర్డింగు దొడ్లు కడుగుతున్నారు. రెండుసార్లు పక్కకు వెళ్లి వాంతి చేసుకున్నారు. మళ్లీ వచ్చి కడిగారు. బిషప్ గారు సోమవారం వస్తున్నారు. రాకపోతే కడిగేవారా? నాకు తెలియదు. అడగలేదు. చెయ్యి కూడా వెయ్యలేదు.

సోమవారం బిషప్ గారి ముందు హెడ్మాస్టరు మైకు పట్టుకున్నాడు. “మా ఫాదర్ గారు బోర్డింగు బిడ్డల మలం స్వయంగా ఎత్తిన మహనీయులు. గురుత్వమంటే అది. దైవపిలుపంటే అది.” చప్పట్లు. బిషప్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ దొడ్లు ఎందుకు కడగాల్సి వచ్చిందో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఫాదర్ గారు తల దించుకుని కూర్చున్నారు. జనం దాన్ని కూడా వినయం అనుకున్నారు. రెండు నెలలకు బిషప్ గారి మేత్రాసనం పత్రికలో ఆ కథ ఫోటోతో సహా వచ్చింది. గంగయ్య పేరు అందులో లేదు.

మంగళవారం సాయంత్రం ఫాదర్ గారు నన్ను వెంటబెట్టుకుని దిగువపేట వెళ్లారు. చేతిలో ఇత్తడి బేసిను, మీద తువ్వాలు కప్పి ఉంది. గంగయ్య గుమ్మం ముందు కొబ్బరి పీచు పేనుతున్నాడు. లేచి నిలబడ్డాడు. చిట్టెమ్మ పీట తెచ్చి వేసింది. ఫాదర్ గారు దాని మీద కూర్చోలేదు.

“గంగయ్యా, నాది తప్పు. నువ్వు కూర్చో. ఇక్కడే కడుగుతాను.”

“ఇక్కడాండి?”

“ఇక్కడే.”

గంగయ్య అటూ ఇటూ చూశాడు. సందులో ఒక మేక తప్ప ఎవరూ లేరు.

“ఇక్కడెవరూ లేరు కదండీ.”

“దేవుడు చూస్తాడు గంగయ్యా.”

“ఆయ్,” అన్నాడు గంగయ్య. “గురువారం కూడా చూసేడండి.”

ఫాదర్ గారు బేసిను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. “పోనీ, పనిలోకైనా రా,” అన్నారు. “పిల్లలు ఇబ్బంది పడుతున్నారు.”

దానికి చిట్టెమ్మ జవాబు చెప్పింది. “మీరు బాగా కడిగేరంట కదండీ ఫాదర్ గారూ. మైకులో చెప్పేరంట. చెయ్యి తిరిగినవాళ్లుండగా మావోడు ఎందుకండీ?”

“ఊరుకోవే,” అన్నాడు గంగయ్య. నవ్వలేదు. “పనిలోకి రానండి. పీచు మిల్లులో కుదిరేనండి. పూజకి వస్తానండి. పూజ మీది కాదు కదండీ.”

అని కూర్చుని మళ్లీ పీచు అందుకున్నాడు. కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మా ముందు అతను కాళ్లు చాపడం అదే మొదటిసారి.

మేం కాలవ గట్టు మీదుగా తిరిగొచ్చాం. ఎగువపేట అరుగుల మీద జనం కూర్చుని ఉన్నారు. వాళ్లు కనపడగానే ఫాదర్ గారు బేసిను నా వైపు చాపారు, పట్టుకోమని.

నేను తీసుకోలేదు.