పలకలు మోయవన్నారు

పొద్దున్నే పాలు లేని టీ ఇంత తాగి చోన్‌బెని ఊరిమీద పడుతుంది. ఆదివారం వేదికెక్కి వాక్యం చెప్పడం పెద్ద పాస్టర్ పని. మంచాన పడ్డవాళ్లనీ, మొగుడు తాగొచ్చి కొట్టినవాళ్లనీ, పరీక్ష తప్పినవాళ్లనీ పలకరించి ప్రార్థన చెయ్యడం చోన్‌బెనిలాంటి అసోసియేట్ పాస్టర్ పని. వోఖా కొండల్లో మా బాప్టిస్టు సంఘం మొదట్నుంచీ అంతే.

ఆమెతో చెప్పుకున్న బాధ ఆమెలోనే ఉండిపోయి బరువవుతుంది. చెప్పుకున్నవాళ్లు తేలికపడి నిద్రపోతారు. మనిషి సన్నమే. అయినా వెదురు నేల ఇళ్లలో ఆమె వస్తోందంటే పొయ్యి పక్కన గట్టి మట్టిమీద పీట వేస్తారు. సుమో డ్రైవర్ ఆమెను ఒక పక్కన కూర్చోబెట్టి, రెండో పక్కన బియ్యం బస్తాలు సర్దుతాడు. బాధల్లా ఒకటే. కష్టం లేనప్పుడు ఆమె ఎవరికీ గుర్తు రాదు. ఊరికే కబుర్లాడుకుందాం రమ్మని పిలిచిన ఇల్లు లేదు. సాయంత్రం వెదురు చిగుళ్ల కూర వండుకుని ఒక్కతే తింటుంది.

పెద్ద పాస్టర్ రిటైరయ్యాడు. ఆ స్థానం తనకిమ్మని చోన్‌బెని నోరు విడిచి అడిగింది. ఆడమనిషివని మొహమ్మీద అనడానికి ఈ రోజుల్లో మొహమాటం కదా, సంఘం నడిపే డీకన్లు తలలు గోక్కున్నారు. చివరికి వాళ్ల పెద్ద మొందామో ఒక దారి కనిపెట్టాడు.

"నీకేం తక్కువమ్మా, చదువుంది, భక్తి ఉంది. వేదిక పలకలే పాతవి. నీ బరువు మోయవు. రేపు విరిగితే నవ్వులపాలవుతాం."

పలకలు మార్చొచ్చుగా అని ఒక్కరూ అనలేదు. ఆమె మొందామో కళ్లలోకి చూసింది. ఆ బరువులో పెద్ద వాటా ఎవరిదో వాళ్లిద్దరికీ తెలుసు. అయినా ఆమె బయటపెట్టలేదు. ఇంకో ఊరి సంఘంలో పని చూసుకుంటానని చెప్పి వచ్చేసింది.

ఆదివారం వీడ్కోలు ఆరాధన పెట్టారు. చోన్‌బెని ఎప్పటిలాగే కింద నేలమీద నిలబడి, ప్రార్థన మనవులుంటే చెప్పమంది. మొందామో లేచాడు.

"నా కూతురు దిమాపూర్‌లో ఉద్యోగం చేస్తోందని మీకు చెప్పాను. అబద్ధం. నేనే తరిమేశాను. ఎక్కడుందో తెలీదు. ఇది చోన్‌బెనితో చెప్పుకుని ఇన్నాళ్లూ హాయిగా పడుకున్నాను. నా బరువు నాకిచ్చెయ్యమ్మా. ఇచ్చి వేదికెక్కు. మా పాస్టర్‌వి నువ్వే."

కూర్చోగానే ఆయన కింద బెంచీ ఫెళ్లున విరిగింది. పట్టుకుని నేలమీద కూర్చోబెట్టారు. వెనకనుంచి ఒక ముసలావిడ తనదీ తీసుకుంటానంది. మిగతా మేమెవరమూ లేవలేదు. మేం అంత మంచివాళ్లమేం కాదు.

చోన్‌బెని మెట్లెక్కింది. పలకలు మూలిగాయి గానీ విరగలేదు. పైనుంచి మా మొహాలు చూసింది. బైబిల్ తెరవలేదు.

"నాదీ ఒక మనవి ఉంది," అంది. "నాకు చాలా ఒంటరిగా ఉంటోంది."

మా కింద బెంచీలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి.