హేమావతి చేతికి దొరికిన పురుగులు

హిందూపురంలోని ఒక ఫార్మసీ కాలేజీలో హేమావతి పరిశోధన చేస్తోంది. కానుగ గింజల నుంచి తీసిన సారానికి గజ్జి పురుగులు చస్తాయా లేదా అన్నది ఆమె విషయం. సారం కావలసినంత ఉంది. పురుగులే దొరకడం లేదు. గజ్జి ఉన్నవాళ్లు ఉందని ఒప్పుకోరు.

పెనుకొండలో ఒక హాస్టల్‌కు వెళ్తే, వార్డెన్ దేవదాసు మోచెయ్యి గోక్కుంటూ, "మా దగ్గర అట్లాంటిదేం లేదు మేడం" అన్నాడు. పిల్లలు మాత్రం సాయంత్రం దాకా అక్కా అక్కా అంటూ ఆమె చేతులు వదల్లేదు.

నెల తిరిగాక ధర్మవరంలోని ఇంటికొచ్చిన హేమావతికి వేళ్ల సందుల్లో దురద మొదలైంది. భూతద్దంలో చూసుకుని గట్టిగా నవ్వేసింది.

తండ్రి గంగాధరప్ప మగ్గం ఆపాడు. "ఏమ్మా, నవ్వుతాండావు?"

"నాకు గజ్జి వచ్చింది నాయనా!"

"దానికి నవ్వుతారా? నీ మందు ఉండాది కదా, పూసుకో."

"అది ఇంకా మనుషులకు పూసేది కాదు. పురుగు చస్తే చాలదు, చర్మం బతకాల."

మరునాడు కాలేజీలో సూదితో తన చేతి నుంచే పురుగులు తీసి సారంలో వేసింది. అన్నీ చచ్చాయి. ఆ సంతోషంలో ఒక చిన్న సీసా నాయనకు చూపించడానికి ఇంటికి తెచ్చింది. దాంతోపాటు డాక్టరు రాసిన క్రీమూ తెచ్చి, ఇంటిల్లిపాదీ మెడ నుంచి పాదాల దాకా పూసుకోవాలని చెప్పింది.

గజ్జి మాట విన్నప్పటి నుంచి గంగాధరప్పకూ దురదగానే ఉంది. కూతురు కనిపెట్టిన మందు ఇంట్లో ఉండగా అంగడి క్రీము పూసుకోవడం ఆయనకు నామోషీ అనిపించింది. ఆమె స్నానానికి పోగానే సీసా ఎడమచేతి మీద ఒంపుకున్నాడు. కాసేపటికే చెయ్యి ఎర్రగా బొబ్బలెక్కింది.

"పురుగులైతే చచ్చింటాయిలే" అన్నాడు, చెయ్యి నీళ్ల బకెట్‌లో పెట్టుకుని.

హేమావతికి ఏడుపొచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించింది. తిరిగొస్తూ ఆటోలో, "ఎంత పోసుకున్నావు? మంట ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది.

"డాక్టరే ఇన్ని అడగలేదు కదమ్మా!"

"చెప్పు నాయనా."

ఆయన చెప్పాడు. ఆమె తాను క్రీము పూసుకోకముందే చేతి నుంచి మరికొన్ని పురుగులు తీసి, సారాన్ని బాగా పలచన చేసి మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు పురుగులు మెల్లగా చస్తున్నాయి. చెయ్యి మానాక గంగాధరప్ప మగ్గమెక్కాడు. అడిగినవాళ్లకు మాత్రం, మా పాప పరిశోధనలో నేనూ ఉండానని చెప్పుకుంటున్నాడు.