ఇరవైనాలుగో పిక్క

నేను ఒక ఇత్తడి మరచెంబును. చన్నీళ్లు పోస్తే తప్ప నాకు చెమట పట్టదు. కానీ ఆ గురువారం, లోపల చుక్క నీరు లేకుండానే, నా ఒళ్లంతా తడిసిపోయింది. అది నన్ను పట్టుకున్న టీచరమ్మ అరచేతుల చెమట.

పుట్టింది అజ్జరంలో. కరిగించి పోశారు, సాన పట్టారు, మూతకి మర కోశారు. రైల్వే గార్డు కామరాజు గారు నన్ను కొనుక్కుని, ఇరవైయేడేళ్లు గూడ్సు బండి చివరి పెట్టెలో తిప్పారు. ఆయన పోయాక ప్లాస్టిక్ సీసాలొచ్చాయి, నేను అటకెక్కాను. మనుషులు ఏ వస్తువునూ పారెయ్యరు. పనికిరాదని చెప్పడానికి మొహమాటపడి అటక మీద పెడతారు.

నన్ను దించింది ఆయన మనవరాలు హిమజ. ఇరవైనాలుగేళ్లు. ఒమన్ తీరంలో, ఒక పక్క ఎడారి, ఒక పక్క సముద్రం ఉన్న చేపల ఊళ్లో, రెండో తరగతికి ఇంగ్లీషు టీచరుగా చేరడానికి బయల్దేరింది. నా నిండా కారప్పొడి కూరి మూత బిగించింది. విమానాశ్రయంలో ముగ్గురు అధికారులు నన్ను బాంబును చూసినట్టు చూసి, విప్పి, వాసన చూసి, వరసగా తుమ్మి, వెళ్లమన్నారు.

అక్కడ హిమజకి ప్రతిదీ భయమే. ఇసుకగాలి భయం, ఉద్యోగంలో ఆరునెలల పరీక్షాకాలం భయం, సూపర్‌వైజరు డిక్రూజ్ మేడమంటే మరీ భయం. అన్నిటికంటే పెద్ద భయం పిల్లల లెక్క. అందరికీ ఒకే యూనిఫాం, అందరికీ పసుపు టోపీలు. మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు మూడుసార్లు లెక్కపెడితే మూడు అంకెలొచ్చాయి.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. వంటింట్లో చింతపండు లోంచి తీసిన పిక్కలు ఇరవైనాలుగు కడిగి ఆరబెట్టి నాలో పోసింది. బస్సు దిగేటప్పుడు పిల్లకొకటి ఇస్తుంది. ఎక్కేటప్పుడు ఎవరిది వాళ్లు నాలో వెయ్యాలి. "పిక్క లేకపోతే బస్సెక్కనివ్వను," అని వేలు చూపించి మరీ చెప్పింది. డిక్రూజ్ మేడం చూసి, ఇది పల్లెటూరి బడి కాదని ఇంగ్లీషులో అంది.

ఆ గురువారం మేము ఒక బస్సులో, నాలుగో తరగతి ఇంకో బస్సులో ఉప్పుకయ్య దగ్గరికి వెళ్లాం. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చే చోటు అది. పొద్దున మోకాలి లోతు కూడా ఉండదు. మధ్యాహ్నం పోటు వస్తే మనిషి మునుగుతాడు. మా డ్రైవరు ఖాదర్ బాషాది రాయచోటి. పదకొండున్నరకల్లా అందరూ ఎక్కాలని, ఆ తర్వాత ఉప్పునేల మెత్తబడి చక్రాలు దిగబడతాయని ముందే హెచ్చరించాడు.

పదకొండున్నరకి గాలి రేగింది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. నాలో పిక్కలు టకటకా పడ్డాయి. డిక్రూజ్ మేడం మా బస్సు కిటికీ బయటినుంచే టోపీలు లెక్కపెట్టింది. ఇరవైనాలుగు. సరే అని రెండో బస్సెక్కి వెళ్లిపోయింది. హాజరు పుస్తకం ఆమె సంచిలోనే ఉంది.

మా బస్సు కదిలింది. హిమజ నన్ను ఒళ్లో బోర్లించి పిక్కలు లెక్కపెట్టింది. ఇరవైమూడు. మళ్లీ లెక్కపెట్టింది. నాలో చెయ్యి పెట్టి అడుగు తడిమింది. ఇరవైమూడే.

పిక్కలు మళ్లీ నాలో పోసి, లేచి టోపీలు లెక్కపెడితే ఇరవైనాలుగు.

ఆమె డిక్రూజ్ మేడంకి ఫోన్ చేసింది. తలలు సరిపోయాక ఒక గింజ కోసం బస్సు ఆపావంటే నీ రిపోర్టులో రాయాల్సి వస్తుందని అవతల గొంతు చల్లగా చెప్పింది.

ఫోన్ పెట్టేసిన చెయ్యి నా మెడని గట్టిగా బిగించింది.

"బాషాగారూ, ఒక్కసారి ఆపండి."

"ఏమి మేడం, చింతగింజ కోసరం ఆపమంటావా? యా పిల్లోడో ఇసకలో పారేసింటాడు. నీళ్లు ఎక్కుతాండాయి, సూడు."

"నేను మొహాలు చూసుకోవాలండి. ఒక్క నిమిషం."

అతను గొణుక్కుంటూ బ్రేకు వేశాడు. హిమజ ఒక్కొక్క టోపీ ఎత్తి మొహం చూస్తూ వెళ్లింది. చివరి వరసలో ఆగిపోయింది. ఆ టోపీ కింద ఉన్నది తన తరగతి పిల్ల కాదు. ఒక జానెడు పొడుగు ఎక్కువ. నాలుగో తరగతట. చెల్లెలి పక్కన కూర్చోవాలని రెండో బస్సులోంచి ఈ బస్సులోకి దూరింది. పిక్క లేదు కాబట్టి వెయ్యలేదు.

అంటే తన పిల్ల ఒకతి లేదు. వరసలన్నీ ఇంకోసారి చూసింది. లేనిది జాలరి కూతురు శమ్సా. ఎప్పుడూ మాట్లాడదు, కాబట్టి లేదని కూడా ఎవరికీ తెలియలేదు.

హిమజ ముందుకు పరుగెత్తి చెప్పింది. బాషా మెత్తని ఉప్పునేల మీద బస్సు తిప్పాడు. ఒకచోట వెనక చక్రం జారింది. నాలో పిక్కలు గలగలలాడాయి. చక్రం పట్టు దొరికించుకుంది.

కయ్య దగ్గర పొద్దుటి దారి లేదు, నీళ్లే ఉన్నాయి. ఆ నీళ్ల మధ్య ఒక ఇసుక దిబ్బ మిగిలింది. దాని మీద పసుపు టోపీ. శమ్సా వంగి చేతులతో ఇసుక జల్లిస్తోంది. చుట్టూ నీరు పెరగడం ఆ పిల్లకి పట్టనే లేదు.

పిల్లల్ని బాషాకి అప్పగించి, నన్ను చంకలో ఇరికించుకునే హిమజ నీళ్లలోకి దిగింది. మోకాళ్లు, నడుము, ఛాతీ. నాకు ఇన్నేళ్లలో నీళ్లు లోపలుండటం తెలుసు గానీ బయటుండటం తెలియదు. అవతలికి చేరి పిల్లని భుజానికెత్తుకుంది.

శమ్సా ఏడుస్తూ వచ్చీరాని ఇంగ్లీషులో అంది: "పిక్క పోయింది టీచర్. లేకపోతే బస్సెక్కనివ్వరుగా. వెతుకుతున్నాను."

ఆ మాట విన్నది మేమిద్దరమే. హిమజ పిల్లని భుజాన, నన్ను చంకన పెట్టుకుని మళ్లీ నీళ్లలోకి దిగింది.

అక్కడ శుక్ర, శనివారాలు బడికి సెలవు. ఆదివారం స్టాఫ్ మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. డిక్రూజ్ మేడం స్వయంగా నన్ను చేతిలోకి తీసుకుని, ఇక నుంచి అన్ని తరగతులకూ ఇదే పద్ధతి, ఇవే నిబంధనలు అని ప్రకటించింది. గింజ లేనివాళ్లని ఎక్కించకూడదు అని బోర్డు మీద రాయించింది కూడా. మనుషులకి ఒక వస్తువు మీద నమ్మకం లేకపోయినా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే.

హిమజ ఊరుకుంటే ఉద్యోగం ఖాయం. శమ్సా మాట ఎవరికీ తెలియదు. నేనెలాగూ చెప్పలేను.

ఆమె లేచి నిలబడింది.

"ఆ పిల్లని కాపాడింది పిక్క కాదు మేడం. అక్కడ ఉంచేసింది పిక్కే. లేకపోతే ఎక్కనివ్వనని బెదిరించింది నేను. ఆ వాక్యం చెరిపెయ్యండి."

డిక్రూజ్ మేడం తనే లేచి బోర్డు తుడిచింది. హిమజ పరీక్షాకాలం ఇంకో మూడు నెలలు పొడిగించింది. రెండూ ఒకే మొహంతో చేసింది.

ఇప్పుడు నేను రెండో తరగతి కిటికీలో ఉంటున్నాను. పిక్క పోగొట్టుకున్నవాళ్లే అందరికంటే ముందు బస్సు దగ్గరికి రావాలన్నది కొత్త నిబంధన. వాళ్ల కోసం హిమజ జేబులో ఎప్పుడూ గుప్పెడు పిక్కలుంటాయి.

శమ్సా మాత్రం ఆమె ఇచ్చిన పిక్క తీసుకోలేదు. ఇంట్లోంచి ఒక ఖర్జూరపు గింజ తెచ్చుకుంది. బస్సెక్కేటప్పుడు ఎప్పుడూ చివరనే వస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉండే ఆ గింజ నాలో పడితే చప్పుడు వేరుగా ఉంటుంది.

అది వినబడేదాకా హిమజ బాషా వైపు తల ఊపదు. బాషా కూడా తాళంచెవి తిప్పడు.