మూడో గుండీ

సాయంత్రం ఏడైతే సుకన్య కుక్కర్ దించి, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, తార్నాక నుంచి పాలకొల్లుకు వీడియో కాల్ చేస్తుంది. అక్కడ కూతురు గ్లోరీ, అమ్మమ్మ చాప పరుచుకుని సిద్ధంగా ఉంటారు. కాసేపు కబుర్లు, ఆ తర్వాత కుటుంబ ప్రార్థన. సుకన్యకు యూనివర్సిటీలో పని, భర్త పౌలుకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో షిఫ్టులు. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక పిల్లను చిన్నప్పుడే అక్కడ ఉంచారు.

సుకన్య చూపుకు వెచ్చదనం ఉంది. చూసినచోటల్లా తగులుతుంది, ఫోన్‌లో చూసినా సరే. చిక్కల్లా ఏమిటంటే, ఫోన్‌కు కెమెరా పైనుంటుంది, తెర మీద పిల్ల ముఖం కిందుంటుంది. ఆమె గ్లోరీ కళ్లలోకి చూస్తే ఆ చూపు కిందికి జారి గౌను మూడో గుండీ మీద పడేది. ఆ వేడికి నెల తిరిగేసరికి గుండీ రంగు వెలిసి, మెత్తబడి ఊడేది. అమ్మమ్మ కొత్తది కుట్టేది. "కొట్టువాడు నన్ను చూడగానే గుండీల డబ్బా తీస్తున్నాడే" అనేది, అంతే.

ఈ వేసవిలో పిల్లను తెచ్చుకోవాలని సుకన్య దగ్గర్లో బడి సీటు మాట్లాడింది. గ్లోరీ రానంది.

"నువ్వు నన్ను చూడవుగా. గుండీని చూస్తావు. అమ్మమ్మయితే నన్నే చూస్తుంది."

బడి తెరిచేలోగా ఒప్పుకోకపోతే సీటు పోతుంది. బలవంతాన తెస్తే పిల్ల మనసు పోతుంది.

విచిత్రమేమిటంటే, ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లో ఎటు చూడాలో క్యాంపస్‌లో కుర్రాళ్లకు నేర్పేది సుకన్యే. మర్నాడు చైతన్య అనే విద్యార్థి చెయ్యెత్తాడు.

"మేడం, కెమెరానే చూస్తే అవతలోళ్ల మొఖం మనకెట్ల కనిపిస్తది?"

"కనిపించదు. మనం చూస్తున్నామని వాళ్లకు తెలుస్తుంది."

"అంటే మనకు లాస్, వాళ్లకు ప్రాఫిట్."

క్లాసంతా నవ్వింది. సుకన్యా నవ్వింది. మెట్రో స్టేషన్ దగ్గర ఆటో దిగేసరికి ఏం చెయ్యాలో తేల్చేసుకుంది. కెమెరాలోకి చూడాలని తెలియక కాదు ఇన్నాళ్లూ చూడనిది. పిల్ల చిక్కిందా, కళ్ల కింద నలుపొచ్చిందా అని వెతక్కుండా ఆమె ఒక్క నిమిషం ఉండలేదు. కళ్లు మూసుకునే ప్రార్థనలో మాత్రం ఎలాగూ పిల్లను చూసేది లేదు. కాకపోతే ప్రార్థనలో కళ్లు తెరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగని పని.

అమ్మమ్మ ప్రార్థన పెద్దది. సంఘంలో జబ్బుపడ్డవాళ్లందరి పేర్లూ వస్తాయి. ఆ పేర్ల మధ్యలో సుకన్య కళ్లు తెరిచింది. ఫోన్ పైనున్న నల్లచుక్కలోకి చూసింది. పిల్ల ముఖం కింద మసక మసకగా మిగిలింది. కళ్లు దించుకోవాలని ప్రాణం లాగింది. దించలేదు.

పాలకొల్లులో గ్లోరీ రెప్పలు వెచ్చబడ్డాయి. పిల్ల కళ్లు తెరిచి అలాగే ఉండిపోయింది.

"ఇద్దరూ కళ్లు మూసుకోండి" అంది అమ్మమ్మ తన కళ్లు తెరవకుండానే, తర్వాతి రోగి పేరుకు పోతూ.

ఆమేన్ అయ్యాక గ్లోరీ వెచ్చని రెప్పలు తడుముకుంది. ఆ తర్వాత అడిగింది.

"అమ్మా, మన ఇంటి నుంచి బడికి నడిచిపోవచ్చా?"

"పోవచ్చు. నేను బాల్కనీలోంచి చూస్తుంటా."

జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు దిగినప్పుడు గ్లోరీ గౌనుకు ఆ ప్రార్థన నాటి మూడో గుండీయే ఉంది, రంగు కూడా పోకుండా.