చుక్కలు కలిశాయా?

బిరడా మీద వేలు పెట్టగానే గవర్రాజుకి అనుమానం వచ్చింది.

కారు ముందు చక్రాలు రెండూ మందపాటి స్లీపరు చెక్కల మీద ఉన్నాయి. నేలను కరుచుకున్నట్టుండే ఆ ఎర్రటి రెండు సీట్ల కారును అంత ఎత్తు లేపినా, కిందికి దూరడానికి మూరెడు సందే దొరికింది. అతను గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుని, భుజాలతో పాకుతూ రేడియేటరు కిందికి వచ్చాడు. పైన బానెట్ తెరిచి ఉంది. ఇంజను చల్లబడిందో లేదో అరచేత్తో తడిమి చూసుకున్నాకే రేడియేటరు మూత తీశాడు. మీటరు ముల్లు చెప్పే మాటను ముప్ఫై ఐదేళ్లలో అతనెప్పుడూ నమ్మలేదు. అడుగునున్న ఈ ఇత్తడి బిరడా విప్పితే పాత కూలెంట్ అంతా టబ్బులోకి దిగుతుంది. లోపల మంచినీళ్లతో కడిగి, కొత్తది పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను తిప్పితే పని అయిపోయినట్టే.

బిరడా మీద ఒక తెల్ల పెయింటు చుక్క ఉంది. దాని పక్కన రేడియేటరు మీద ఇంకో తెల్ల చుక్క. ఆగస్టులో బిరడా బిగించిన రోజున ఆ రెండు చుక్కలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మళ్లీ ఎవరైనా కదిలిస్తే తెలిసిపోవాలని శ్రీరామ్మూర్తిగారు దగ్గరుండి పెట్టించిన చుక్కలవి.

ఇప్పుడు వాటి మధ్య చిటికెనవేలు పట్టేంత దూరం ఉంది.

"చుక్కలు కలిశాయా?" పైనుంచి శ్రీరామ్మూర్తిగారి గొంతు.

"సూస్తన్నాను బాబూ. మట్టి పట్టీసినాది."

ఎదురుగా, పోర్టికోలో వేసిన కుర్చీ కింద, ఆయన పాదాలు రెండే గవర్రాజుకి కనిపిస్తున్నాయి. బొటనవేళ్లు నేలను కొడుతున్నాయి.

శ్రీరామ్మూర్తిగారు ఒకప్పుడు విశాఖపట్నం పోర్టులో పైలట్. సముద్రంలో లంగరేసిన ఓడ ఎక్కి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఆ ఇరుకు కాలవలోకి దాన్ని నడిపించుకుని వచ్చే మనిషి. అమలాపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఎవరూ తీసుకోని కంటెయినరులో మిగిలిపోయిన ఈ కారును రిటైరయ్యే ఏడాది కస్టమ్స్ వేలంపాటలో పాడుకున్నాడు. నొక్కితే కప్ప కళ్లలా పైకి లేచే దీపాలున్న ఇలాంటి కారు లాసన్స్ బే కాలనీలో ఇంకొకటి లేదు. దాన్ని నడపబోయే ముందు ఆయన ప్రతిసారీ భార్య చేత తెల్ల కాన్వాసు బూట్లు తొడిగించుకుంటాడు. షెడ్డుకి పంపితే సామాన్లు మార్చేస్తారని ఆయన భయం. అందుకే ఏ పనైనా ఇంట్లోనే, తన కళ్ల ముందే జరగాలి. పోర్టు వర్క్‌షాపులో ఫోర్కులిఫ్టుల ఇంజన్లు చూసే గవర్రాజుని అందుకే ఎంచుకున్నాడు. ఎంచుకున్నాడే గానీ ఒక్కరోజూ నమ్మలేదు.

అది గవర్రాజుకి కొత్తేమీ కాదు. గజపతినగరం పక్క పల్లెలో నాగలి వదిలి, ఇరవై రెండో ఏట పోర్టులో చేరిన రోజు నుంచీ సాయంత్రం గేటు దగ్గర జవాను అతని జేబులు తడుముతూనే ఉన్నాడు, టిఫిను కేరేజీ మూతలు తీసి చూస్తూనే ఉన్నాడు. ముప్ఫై ఐదేళ్లలో ఒక్క నట్టు దొరకలేదు. ఇప్పుడు ఏ గేటు కనిపించినా అతని చేతులు వాటంతటవే కాస్త పైకి లేస్తాయి. సినిమాహాలు గేటు దగ్గర కూడా అలాగే లేస్తుంటే భార్య సన్యాసమ్మ కొంగుతో నోరు మూసుకుని నవ్వేది.

వర్షాలు మొదలైన దగ్గర్నుంచి కారులో నీళ్లు మాయమైపోవడం ఇది మూడోసారి. ప్రతిసారీ జోడుగుళ్లపాలెం దాటకుండానే ఇంజను వేడెక్కి పొగలు చిమ్మేది. జాలరిపేట కుర్రాళ్లు ఇంటిదాకా నెట్టుకొచ్చేవారు. నకిలీ కూలెంట్ పోస్తున్నావని ఆయన రెండుసార్లు గవర్రాజు మొహం మీదే అన్నాడు. మళ్లీ మళ్లీ పిలవాలని కావాలనే వదులుగా బిగిస్తున్నావని మూడోసారి అన్నాడు. ఈసారి కూలెంట్ డబ్బా తనే కొనుక్కొచ్చి, సీలు విప్పకుండా కుర్చీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

గవర్రాజు గొట్టాలన్నీ వేళ్లతో నలిపి చూశాడు. పొడిగా ఉన్నాయి. పంపు పొడిగా ఉంది. ఇంజను నూనెలో నీరు కలిసిన తెలుపు లేదు. కారేది ఎక్కడా లేదు. ఎవరో బిరడా విప్పి, వంపేసి, మళ్లీ పెట్టారు. ఇత్తడి అంచు మీద కొత్త గాట్లు మెరుస్తున్నాయి. తను స్పానరు తప్ప ఇంకోటి వాడడు. ఇవి వెడల్పుగా, జారిపోయిన గాట్లు. పట్టు తెలియని చేతివి.

ముసలాయనే నన్ను పరీక్షిస్తున్నాడా అనుకున్నాడు. కానీ ఆయన వంగి చెప్పు కూడా తొడుక్కోలేడు. మరి ఎవరు? పాలవాడా? పక్కింటి డ్రైవరా? ఎవరైనా కానీ, చుక్కలు కలవలేదని చెప్పిన మరుక్షణం ఆయన అనుమానం తన మీదికే వస్తుంది. బిగించింది తనే కదా.

బిరడా విప్పాడు. లీటరుకి మించి రాలేదు. పచ్చటి నీళ్లు సన్నగా దిగి టబ్బు అడుగున ఆగిపోయాయి.

"కడగడానికి నీళ్లు తెస్తాను బాబూ," అని పక్కకు పాకి, బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు.

కుళాయి తిప్పి నించున్నాడు. బకెట్టు నిండుతుండగా ముక్కుకి తియ్యటి వాసన తగిలింది. ఆ వాసన అతనికి నిద్రలో వచ్చినా తెలుస్తుంది. చుట్టూ చూశాడు. బట్టలుతికే రాయి వెనక పెద్ద ఊరగాయ జాడీ, దాని మీద పళ్లెం, పళ్లెం మీద సన్నికల్లు పొత్రం. పొత్రం దించి పళ్లెం ఎత్తాడు. జాడీ నిండా పచ్చటి కూలెంట్.

"పిల్లులొస్తాయని బరువు పెట్టాను," అన్నారు వెనక నుంచి. "తియ్యగా ఉంటుంది, నాకితే చచ్చిపోతాయని నువ్వే చెప్పావు కదా."

శ్రీరామ్మూర్తిగారి భార్య తాయారు, వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అరవై ఎనిమిదేళ్ల సన్నటి మనిషి. చేతిలో కాఫీ గ్లాసు.

"తవరా అమ్మా?"

"మధ్యాహ్నం ఆయన పడుకున్నాక. పట్టకారుతో."

గవర్రాజు కుళాయి కట్టేశాడు. కట్టేశాక, పోర్టికోలోకి మాట వినిపిస్తుందని మళ్లీ తిప్పాడు.

"ఇంజను కాలిపోద్దమ్మా."

"కాలిపోనీ." ఆవిడ గొంతు బాగా తగ్గించింది. "జూలైలో జాలరిపేట మలుపులో చేపల బుట్ట పెట్టుకున్న మనిషి మీదికి పోనిచ్చారు. ఆవిడ పక్కకి దూకింది కాబట్టి బతికింది. ఇంటికొచ్చి, కారు మీద ఈ పొలుసులు ఎవరు చల్లారని నన్నే అడిగారు. ఏమీ గుర్తులేదు, గవర్రాజూ. నడపకూడదని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరుకీ నాకూ ఏదో లాలూచీ ఉందంటున్నారు. తాళంచెవి దాచాను. అప్పాయమ్మ దొంగిలించిందన్నారు. పన్నెండేళ్లు ఇంట్లో పనిచేసిన మనిషి, ఆ మాట పడలేక మానేసింది."

"అప్పాయమ్మ ఎల్లిపోనాది. ఇప్పుడు నా వంతేటమ్మా?"

ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టింది. "నిన్నంటారనుకోలేదు. కారునే తిట్టుకుంటారనుకున్నాను."

"కారుని ఏ మనిసీ అనడమ్మా. దాన్ని ముట్టుకున్నోడినే అంతారు."

ముందు వైపు నుంచి కేక వినిపించింది: "ఎంతసేపయ్యా నీళ్లకి?"

"చెప్పెయ్యి," అంది తాయారు. "నేనే చేశానని చెప్పెయ్యి. నీకెందుకు ఈ మాట?"

అతను కాఫీ తాగాడు. చల్లారిపోయింది. ఈవిడనైనా నమ్మొచ్చా అని ఒక్క క్షణం అనిపించింది. ఇప్పుడు చెప్పమంటోంది, అక్కడ కాదంటే? ఆవిడ చేతుల వైపు చూశాడు. కుడి అరచేతి మధ్యలో పట్టకారు ఒరుసుకుని చర్మం లేచిపోయి ఉంది.

బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

రేడియేటరులో నీళ్లు పోసి రెండుసార్లు కడిగాడు. మూడోసారి నీళ్లు తేటగా దిగాయి. ఆ తర్వాత సంచిలోంచి ఆకురాయి తీసి, ఆయన చూడకుండా చొక్కాలో దోపుకుని, మళ్లీ కిందికి దూరాడు. కిరసనాయిలు గుడ్డతో రేడియేటరు మీది చుక్కను రుద్ది తుడిచేశాడు. బిరడా మీది చుక్కను గోటితో గీకేశాడు. బిరడాను ఛాతీ మీద పెట్టుకుని, ఒక్కసారి కళ్లు మూసుకుని, దాని మర మీద ఆకురాయి అడ్డంగా లాగాడు.

"ఏమిటా చప్పుడు?"

"తుప్పు గీకుతన్నాను బాబూ."

ఇంకో రెండు లాగులు లాగాడు. మర చెదిరిపోయింది. ఎన్నో మరలను పోసి బాగుచేసిన చేతులవి. బాగున్నదాన్ని చెడగొట్టడం వాటికి ఇదే మొదటిసారి.

బయటికి వచ్చి నిలబడ్డాడు. శ్రీరామ్మూర్తిగారు కుర్చీలోంచి ముందుకి వంగి అతని కళ్లలోకి చూశాడు. అబద్ధమాడితే మొహం చూసి కనిపెట్టేస్తానని ఆయన ఎప్పుడూ అనేవాడు.

"ఇప్పుడు చెప్పు. చుక్కలు కలిశాయా?"

"కలిసినాయి బాబూ. ఎవులూ ముట్టుకోనేదు."

"మరి నీళ్లెలా పోయాయి?"

గవర్రాజు బిరడాను ఆయన అరచేతిలో పెట్టాడు. "మర అరిగిపోనాది. ఎంత బిగించినా కారిపోద్ది. ఆగస్టులోనే సూసినాను. సెప్పనేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"మల్లీ పిలుత్తారని."

ఆయన బిరడాను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తిడతాడని గవర్రాజు ఎదురుచూశాడు. కానీ ఆయన భుజాలు, పొద్దున్నుంచీ బిగబట్టుకున్నవి, మెల్లగా దిగాయి. ఒకసారి వంటింటి కిటికీ వైపు చూశాడు.

"నువ్వేనన్నమాట," అన్నాడు. బిరడాను ఒళ్లో పెట్టుకుని, "నువ్వే అయితే పోనీలే," అన్నాడు.

అప్పుడు అర్థమైంది గవర్రాజుకి, ఈ ముసలాయన ఇన్నాళ్లూ ఎవరిని అనుమానిస్తూ ఎవరిని తిడుతున్నాడో.

అంతలోనే ఆయన గొంతు పాత గొంతయింది. "ఇంక నా గుమ్మం తొక్కకు. నలుగురికీ చెబుతాను నీ సంగతి."

"అలాగే బాబూ. ఇలాటి బిరడా ఇక్కడ దొరకదు. ఓడలో రావాల. అది వచ్చేదాకా బండి స్టార్టు సెయ్యకండి. నీల్లు నేవు లోపల."

"ఓడల సంగతి నువ్వు నాకు చెప్పేదేమిటి? సింగపూర్‌లో నావాడున్నాడు. ఇవాళే ఉత్తరం రాస్తాను."

సీలు విప్పని డబ్బా కుర్చీ పక్కనే ఉండిపోయింది. గవర్రాజు గోనెపట్టా చుట్టుకుని, సంచి భుజాన వేసుకున్నాడు. గేటు దగ్గర ఆయన సంచి విప్పి చూపించమన్నాడు. విప్పి చూపించాడు. ఆకురాయి పళ్ల సందుల్లో ఇత్తడి పొడి పసుప్పచ్చగా మెరిసింది. ఆయన కళ్లకు అది ఆనలేదు.

మల్కాపురంలో ఇంటికి చేరేసరికి ఒంటిగంటయింది. సన్యాసమ్మ అన్నం వడ్డించి, అతను కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోవడం చూసింది.

"ఏటయినాది?"

"ఏటీ నేదు. ఎండ."

నవంబరు నెల. బయట ఎండ లేదు. ఆమె అతని మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా మజ్జిగ పోసింది.

శ్రీరామ్మూర్తిగారు అన్నంతా చేశాడు. పొద్దున్నే బీచిలో నడిచే రిటైర్డు ఆఫీసర్లందరికీ చెప్పాడు. ఆదివారాలు పిలిచే మూడిళ్లూ పిలవడం మానేశాయి. మాట వర్క్‌షాపుదాకా వచ్చింది. మధ్యాహ్నం టీ దగ్గర ఫిట్టరు ఎల్లాజీ అందరూ వినేలా అన్నాడు: "ఏటి బావా, పెద్దోళ్ల కార్లకి మరలు అరగదీస్తన్నావంట?" గవర్రాజు గ్లాసు కడిగి బోర్లించి, తన ఫోర్కులిఫ్టు దగ్గరికి వెళ్లిపోయాడు. అతను బిగించిన నట్లను మేస్త్రీ రెండోసారి బిగించి చూడటం ఆ వారమే మొదలైంది. అది చూసినప్పుడల్లా అతనికి చెవులు వేడెక్కేవి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పాత పైలట్ ఒకాయన రాత్రి నిద్రలోనే పోయాడని వర్క్‌షాపులో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. షిఫ్టు దిగి, గేటు దగ్గర జేబులు చూపించుకుని, నూనె మరకల బట్టలతోనే బస్సెక్కాడు.

అతను చేరేసరికి తీసుకుపోయారు. పోర్టికో కడిగేసి ఉంది. గుడ్డ కప్పిన కారు చెక్కల మీదే, ముక్కు పైకెత్తుకుని నిలబడి ఉంది. గేటు దగ్గర ఉన్న పక్కింటాయన అడ్డం వచ్చాడు.

"ఎవరు కావాలి?"

"మెకానిక్‌ని బాబూ."

"ఓహో. నువ్వేనా?" ఆయన గేటు పూర్తిగా తెరవలేదు. "నిన్న పొద్దున్నే సింగపూర్ నుంచి ఉత్తరం వచ్చింది, సామాను ఈ వారం ఓడలో వస్తోందని. పాపం, నిన్నంతా చిన్నపిల్లాడిలా తిరిగాడు."

వరండాలో ఆడవాళ్ల మధ్య కూర్చున్న తాయారు అతన్ని చూసింది. నేల మీద చెయ్యి ఆనించి లేవబోయింది. ఏదో గట్టిగా చెప్పబోతున్నట్టు నోరు తెరిచింది. గవర్రాజు ఇటు నుంచే తల అడ్డంగా ఊపాడు. ఆవిడ అతన్నే చూస్తూ మెల్లగా మళ్లీ కూర్చుంది.

పక్కింటాయన ఇంకా అతని చేతుల వైపే చూస్తున్నాడు. గవర్రాజు నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాడు. గేటు పక్కన పిట్టగోడ మీద, తెల్ల కాన్వాసు బూట్ల జత ఒకటి శుభ్రంగా ఉతికి, తాళ్లు తీసి పక్కన పెట్టి, సముద్రం వైపు తిప్పి ఆరబెట్టి ఉంది. ఎడమ బూటు లోపల ఇంకా తడి ఆరలేదు.