అన్ని దేశాల ట్యూనర్

రేపటి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. మా ఆయన గుమ్మంలో బూట్ల లేసులు కట్టుకుంటూ, “ఈసారి ఏ దేశం వెళ్ళినా పనిచేసే టీవీ ట్యూనర్ చూసి ఆర్డర్ పెట్టెయ్. ప్రతిసారీ ఈ గొడవ నా వల్ల కాదు. నీకు ఇంట్లో పనేముంది కనక,” అన్నాడు. నేను కాలరు తిరగేశాను.

వచ్చే నెల నాలుగో దేశం. పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పినట్టు ఆయన కంపెనీ మమ్మల్ని పదకొండేళ్ళుగా తిప్పుతోంది. టీవీ ప్రసారానికి, దాన్ని పట్టే ట్యూనరుకి అన్ని దేశాలదీ ఒకే పద్ధతి కాదు. ఒకచోటి కోసం చేసిన టీవీ ఇంకోచోట మొండికేస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు బొమ్మ వచ్చింది, మాట రాలేదు. అప్పుడు మాతో ఉన్న అత్తయ్య, “ఏమే అమ్మాయ్, వీళ్ళ నోళ్ళు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినపడదేం?” అని వారం రోజులు నన్నే నిలదీసింది, దాన్ని నేనే కన్నట్టు. బజారంతా తిరిగి చిన్న ఫిల్టర్ ముక్క తెచ్చి, వెనక మూత విప్పి, నేనే అతికించాను. ఆ ఆదివారం భోజనానికి వచ్చిన స్నేహితులతో మా ఆయన, “కాస్త చెయ్యి పెట్టాను, మాట్లాడేసింది,” అన్నాడు. నేను కాఫీ కప్పులు పట్టుకుని అక్కడే ఉన్నాను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. కప్పులు మాత్రం ఒక్కొక్కటే జాగ్రత్తగా అందించాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

పెళ్ళికి ముందు నేను టీవీ ఫ్యాక్టరీలో ట్యూనర్లు పరీక్షించేదాన్ని. కిటికీ పక్కన నాకో బల్ల ఉండేది. “రెండేళ్ళేగా, తిరిగొచ్చాక చేరుదువుగానీ,” అన్నాడాయన. ఆ రెండేళ్ళు ఇంకా పూర్తికాలేదు.

ఆర్నెల్ల కిందట పాడైన మిక్సీ పట్టుకుని వెనక వీధిలో రిపేరు షాపుకి వెళ్ళాను. షాపు పెద్దావిడ ఒక టీవీ ముందేసుకుని తల పట్టుకుని ఉంది. “ట్యూనర్ బాగానే ఉందండీ, దానికి కరెంటు అందట్లేదు,” అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టింది. అప్పట్నుంచి వారానికి మూడు పొద్దుటిపూటలు అక్కడే. పోయిన వారం, “నా కళ్ళు ఆనడం లేదమ్మా. వచ్చే నెల నుంచి ఈ బల్ల నువ్వు చూసుకో. శనివారంలోగా ఏ సంగతీ చెప్పు, లేకపోతే షాపు మూసేస్తాను,” అంది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన నవ్వాడు. “అక్కడ మాత్రం రిపేరు షాపులుండవా? అయినా నువ్వు ఎక్కడైనా సర్దుకుపోతావు. నీలో నాకు నచ్చేదే అది.” ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఒక్కో ఊళ్ళో కూరల వాడితో, డాక్టరుతో, పక్కింటి వాళ్ళతో రెండేళ్ళు కుస్తీ పట్టి భాష నేర్చుకుంటే, అదంతా నా స్వభావమట, కష్టం కాదట. పక్కనే అన్నం తింటున్న పాప తలెత్తకుండా, “అమ్మా, కొత్త బళ్ళో మళ్ళీ అందరికీ నా పేరు చెప్పుకోవాలా?” అంది. దానికిది మూడో బడి.

ఇవాళ శుక్రవారం. ఇస్త్రీపెట్టె ఆపేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ప్రతి డబ్బా మీదా ‘ప్రపంచమంతా పనిచేస్తుంది’ అనే ఉంది. డబ్బా మాట నమ్మితే బోర్లా పడ్డట్టే. లోపలి చిప్పు నంబరు పట్టుకుని, దాని వివరాల కాగితాలు చదివాను. ఒకటేమో రెండు పద్ధతులకే సరి. ఇంకొకటి అన్నీ పడుతుంది గానీ, దేశాన్ని బట్టి చానళ్ళ వెడల్పు మారితే తడబడుతుంది. ఏడోది నిజంగా అన్నిటినీ అందుకుంది. చిత్రంగా, చాలా ఏళ్ళ తర్వాత ఆకలి మర్చిపోయాను. నేను ఈ పని బాగా చేస్తాను. ఆ టీవీ మూత విప్పిన నాటినుంచీ నాకు తెలిసిన సంగతే, పైకి అనుకోవడం ఇదే మొదలు.

ఆర్డర్ పెట్టాను. చెప్పులేసుకుని వెనక వీధికి వెళ్ళి, శనివారం దాకా ఆగకుండా పెద్దావిడకి నా మాట చెప్పి వచ్చాను.

సాయంత్రం మా ఆయన వచ్చి ఆర్డర్ చూశాడు. “ఒకటి చాలన్నానుగా, రెండెందుకు?”

“మొదటిది ఏ దేశం వెళ్ళినా పనిచేస్తుంది. రాగానే అది మీ పెట్టెలో సర్దుతాను.”

“మరి రెండోది?”

“అది నాకూ పాపకీ. ఈ ఊరు దాటితే పనిచెయ్యదు.”